సెల్లారులో మునిగింది ఎవరి సామాను?

అపార్ట్‌మెంటు సెల్లారులోకి వాన నీళ్లొస్తే పేపర్లలో పడే ఫోటో ఎప్పుడూ ఒక్కటే. మునిగిన కార్ల ఫోటో. అద్దాల దాకా నీళ్లలో ఉన్న కారు, పక్కన ఒరిగిపోయిన స్కూటరు, కింద ‘లక్షల్లో నష్టం’ అని నాలుగు ముక్కలు. ఆ ఫోటోలోనే, కార్ల వెనక, జనరేటరు పక్కన ఒక రేకు తలుపు ఉంటది. ఆ తలుపు వెనక ఒక కాపురం ఉంటది. ఫోటో తీసినవాడికి అది కనపడదు. వార్త రాసినవాడికి కనపడదు. నష్టం రాసుకుపోవడానికి వచ్చిన అధికారికి అసలే కనపడదు. కార్లు కనపడి కాపురం ఎందుకు కనపడదో అడగాలనే ఈ వ్యాసం.

ఎవరు వాళ్లు? పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి, శ్రీకాకుళం నుంచి బతకొచ్చిన మాల మాదిగలు, లంబాడీలు, సేవాకులాల బీసీలు. మొగాయన గేటు కాడ వాచ్‌మెన్. ఆడామె పై ఫ్లాట్లలో గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి, మెట్లు కడుగుతది. పిల్లలు గవర్నమెంటు బడికి పోతరు. జీతం ఎందుకింత తక్కువ అని అడిగితే ‘ఉండటానికి రూము ఇచ్చినం కదా’ అంటరు. ఆ రూము ఎక్కడుంటది? లిఫ్టు గుంత పక్కన, సంపుకు ఆనుకొని, కరెంటు మీటర్ల కింద. పొద్దు పొడిచిందో లేదో తెలియని చోట. నాలుగు చినుకులు పడితే ఊరి నీళ్లన్నీ వచ్చి చేరే చోట.

ఒక్కసారి మన ఊళ్లు యాది చేసుకోండి. ఊరు ఎత్తుమీద, వాడ పల్లంలో. ఊరోళ్ల మురికి నీళ్లు వాడ మీదుగానే పారాలె. చెరువు తెగితే ముందు మునిగేది వాడ. గాలి కూడా ఊరి మీది నుంచి మన మీదికి రావాలె తప్ప మన గాలి ఊరికి తగలొద్దని దిక్కులు చూసి మరీ కట్టిన్రు. పట్నం పోతే కులం పోతదని మన పెద్దలు నమ్మిన్రు. పట్నంలో నేల కరువు. పక్కకు విస్తరించే జాగా లేక ఊరు మీదికి పెరిగింది. మరి వాడ ఏమైంది? కిందికి దిగింది. ఒకప్పుడు ఊరి చివర ఉన్న వెలివాడ ఇప్పుడు అదే ఊరి కాళ్ల కింద ఉంది. అయిదంతస్తుల మేడను నిలువుగా కోసి చూడండి, మనుధర్మం అంతస్తుల వారీగా కనపడతది.

చట్టం ఏమంటోంది? 2012లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన బిల్డింగ్ నిబంధనలు, అంటే జీవో 168, సెల్లారు పార్కింగుకేనని చెప్తుంది. జనరేటరుకు, కరెంటు సామగ్రికి, అట్లాంటి అవసరాలకు కొంత జాగా వాడుకోవచ్చు గాని మనుషుల కాపురానికి కాదు. చదవడానికి బాగుంది. మనుషులు భూమి కింద బతకొద్దని చట్టమే అంటోంది. అయితే ఆ చట్టం అమలైందా? ప్లానులో సెల్లారు పార్కింగుగానే ఉంది, వాస్తవంలో అక్కడ ఒక కుటుంబం ఉంది. తప్పు చేసింది బిల్డరు, అసోసియేషను. శిక్ష పడింది మాత్రం కుటుంబానికి. ఎట్లంటే, ప్లానులో లేని ఇంటికి ఇంటి నంబరు ఉండదు. కిరాయి కాగితం ఉండదు. విడిగా కరెంటు మీటరు ఉండదు. నీళ్లొచ్చి అంతా మునిగినంక ‘మీ ఇల్లు ఏది?’ అని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. మునగక ముందు వాళ్లు ఉన్నట్టే ఎక్కడా లేదు. ఇక మునిగిన్రని ఎవరు రాస్తరు?

ఇప్పుడు వరద రాత్రి ఏం జరుగుతదో చెప్పుకుందాం. ర్యాంపు మీది నుంచి నీళ్లు లోపలికి దిగుతుంటయి. పై నుంచి ఫోన్లు మొదలైతయి. ‘మా కారు తియ్యి.’ ‘మోటరు వెయ్యి.’ ‘లిఫ్టు ఆపు.’ తాళాలన్నీ ఆయన చేతిలోనే ఉన్నయి కాబట్టి ఆయన ఒక్కొక్క బండినీ బయటికి తీస్తుంటడు. అదే సమయంలో ఆమె పిల్లల్ని మెట్ల మీద కూసోబెట్టి, ఒక్కతే ట్రంకుపెట్టె మోస్తది. బియ్యం డబ్బా మంచం మీద పెడతది. మంచం తేలుతది. అరగంటలో ఏది దక్కాలె, ఏది పోవాలె అనేది తేలిపోతది. ఆ అరగంట ఆయన టైము ఆయనది కాదు. తన ఇల్లు మునుగుతుంటే పరాయి కార్లను కాపాడే మనిషికి మనం పెట్టిన పేరు వాచ్‌మెన్. అన్నీ కాచేవాడు, తనది తప్ప.

కార్లకు ఇన్సూరెన్స్ ఉంటది. సరైన పాలసీ తీసుకున్న కారు మునిగితే కంపెనీ లెక్క కడుతది. ట్రంకుపెట్టెకు ఏ కంపెనీ లెక్క కడుతది? అందులో ఏముంటదో బడిపంతులుగా నాకు బాగా ఎరుక. కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు, రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, ఊళ్లో ఉపాధి హామీ జాబ్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, పెద్దపిల్ల పదో తరగతి మెమో, చిన్నోడి టీసీ, పెళ్లి ఫోటో, చచ్చిపోయిన తల్లి ఫోటో ఒక్కటంటే ఒక్కటి. బజారులో ఈ పెట్టె ధర వెయ్యి రూపాయలు పలకదు. కానీ ఆ ఇంట్లో నాలుగు తరాల తర్వాత మొదటిసారి ఒకరు చదువుకున్నరనడానికి సాక్ష్యం ఆ పెట్టెలోనే ఉంది. చదువుకున్న కుటుంబాలకు సర్టిఫికెట్టు పోతే ఒక ఫోను, ఒక తెలిసిన మనిషి. మనకు? నోటరీ కాడ అఫిడవిట్ అంటరు, పోలీసు స్టేషన్ కాగితం అంటరు, చలానా అంటరు, హెడ్మాస్టరు సంతకం అంటరు. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క రోజు కూలి. ఈలోగా హాస్టలు సీటు గడువు దాటిపోతది, స్కాలర్‌షిప్ గడువు దాటిపోతది. నీళ్లు ఒక్క రాత్రి ఉండి పోతయి, నష్టం రెండేండ్లు ఉంటది.

మా బడిలో చదివే ఒక పిల్ల సంగతి చెప్తా. సెల్లారులో తడిసిన పుస్తకాలను మర్నాడు పొద్దున అపార్ట్‌మెంటు ముందు గోడమీద వరసగా ఆరబెట్టింది. గంట గడవక ముందే తియ్యమన్నరు. బిల్డింగు ముందర చూడటానికి బాగుండదట. అదే గోడ ముందు మునిగిన కార్ల సీట్లు, కార్పెట్లు మూడు రోజులు ఎండినయి. అవి మాత్రం చూడటానికి బాగున్నయి. ఎవరి సామాను ఎండకు అర్హత గలదో కూడా వాళ్లే నిర్ణయిస్తున్నరు. ఎండ మీద కూడా పెత్తనమేనా?

మన సామాను నీళ్లపాలు కావడం ఇవాళ కొత్త కాదు. 1917లో బాబాసాహెబ్ అంబేద్కర్ లండన్‌లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. ఆయన పుస్తకాలు, సామాను వేరే ఓడలో బయలుదేరినయి. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. జర్మన్ల జలాంతర్గామి దెబ్బకు ఆ ఓడ మునిగింది. కడుపు మాడ్చుకొని కొన్న పుస్తకాలు సముద్రం పాలైనయి. అయితే ఆ సామాను బుక్ చేసిన సామాను. దానికి పరిహారం వచ్చింది. ఆ పైసలతోనే ఆయన బరోడా కొలువుకు ప్రయాణమైన్రని జీవితచరిత్రలు చెప్తున్నయి. బరోడాలో ఏమైంది? ఇల్లు ఇచ్చే దిక్కులేక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో ఉండాల్సి వచ్చింది. కులం తెలిసినంక కట్టెలు పట్టుకొని గుంపుగా వచ్చి సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నరు. కొలంబియాలో చదివి వచ్చిన మనిషికి! ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడండి. రసీదు ఉన్న సామాను మునిగితే పరిహారం దొరికింది. అదే మనిషికి తలదాచుకునే గది దొరకలేదు. ఇవాళ సెల్లారు కుటుంబానికి గది కూడా సరిగా లేదు, సామానుకు రసీదూ లేదు.

సర్కారు సాయం సంగతికి వద్దాం. 2020 అక్టోబర్ 13న హైదరాబాదును వాన ముంచింది. నదీం కాలనీ, అల్ జుబైల్ కాలనీ, ఉస్మాన్ నగర్, మీర్‌పేట వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నయి. కుటుంబానికి 10,000 రూపాయలన్నరు. ముందు చేతికి నగదు పంచిన్రు. అసలు మునిగినోళ్లకు అందలేదని జనం రోడ్డెక్కిన్రు. తర్వాత మీసేవలో దరఖాస్తు అన్నరు. పొద్దుగాల నుంచి ఆడోళ్లు మైళ్ల లైన్లలో నిలబడ్డరు. కార్పొరేషన్ ఎన్నికలు వచ్చి పడటంతో నవంబర్ 18న ఎన్నికల సంఘం పంపిణీ ఆపేసింది. లైన్లో నిలబడ్డ మనిషికి ఇల్లు చూపించుకోవడమే ఒక యుద్ధం. సెల్లారు మనిషి ఏ ఇల్లు చూపించాలె?

2024 సెప్టెంబర్ 1న విజయవాడలో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ మునిగినయి. అక్కడి సర్కారు లెక్క ఇట్లుంది: గ్రౌండ్ ఫ్లోరు మునిగితే 25,000, ఫస్ట్ ఫ్లోరు, ఆపైన ఉన్నోళ్లకు 10,000. మోటరు సైకిలుకు 3,000, ఆటోకు 10,000. అంతస్తును బట్టి లెక్క కట్టడం తప్పు కాదు, కింద ఉన్నోడికే ఎక్కువ నష్టం అని ఒప్పుకున్నట్టే. మంచిదే. అయితే గ్రౌండ్ ఫ్లోరు కన్నా కింద ఉన్నోడిని ఏ గడిలో రాయాలె? భూమి మీద ఉన్నవాళ్లకు పట్టిక ఉంది, భూమి కింద ఉన్నవాళ్లకు ఉందా అని అడుగుతున్న.

విపత్తు సాయానికి కేంద్రం 2022లో సవరించిన లెక్క చూస్తే, ఇల్లు పోయిన లేదా బాగా మునిగిన కుటుంబానికి బట్టలకు 2,500, వంటపాత్రలు, ఇంటి సామానుకు 2,500. ఆ అయిదు వేలతో ఒక గ్యాసు పొయ్యి, రెండు బొంతలు, నాలుగు గిన్నెలు వస్తయేమో. పోనీ, ఆ అయిదు వేలైనా సెల్లారు కుటుంబం చేతికి రావాలంటే అది ‘ఇల్లు’ కావాలె. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షను సాయంలో, పరిహారంలో కులం, మతం, లింగం, సముదాయం, వంశం పేరుమీద వివక్ష ఉండొద్దని స్పష్టంగా చెప్పింది. ‘మేం కులం అడగలేదు, ఇంటి నంబరే అడిగినం’ అని ఆఫీసరు జవాబిస్తడు. నిజమే, ఆయన కులం అడగలేదు. కానీ ఇంటి నంబరు లేని చోట ఎవరు బతుకుతున్నరో లెక్క తీస్తే కులం తనంతట తానే బయటికి వస్తది. కులం పేరెత్తకుండా కులాన్ని నడిపే విద్య ఈ దేశానికి కొత్త కాదు.

ఇది మన ఒక్కచోటి కథ కూడా కాదు. 2021 సెప్టెంబర్ 1 రాత్రి న్యూయార్క్‌లో ఐడా తుపాను శేషం కురిస్తే నగరంలో పోయిన 13 ప్రాణాల్లో 11 సెల్లారు ఇండ్లలోనివే. చాలామంది వలస వచ్చిన కష్టజీవులు, ఆ ఇండ్లలో చాలావాటికి అనుమతులు లేవు. 2022 ఆగస్టులో కొరియా రాజధాని సియోల్‌లో సగం భూమిలో ఉండే ఇంట్లో ఒకే కుటుంబంలో ముగ్గురు మునిగి చనిపోయిన్రు. 2024 జూలై 27న ఢిల్లీలో కోచింగ్ సెంటరు సెల్లారులో నడిపిన లైబ్రరీలోకి నీళ్లొచ్చి ముగ్గురు విద్యార్థులు పోయిన్రు. అక్కడ వలసోడు, ఇక్కడ దళితుడు. పేదోడికి దొరికే చౌక జాగా ఎక్కడైనా నీళ్లు చేరే జాగానే. చట్టం ‘అక్కడ ఎవరూ ఉండరు’ అంటది. నీళ్లు మాత్రం ఉన్నోళ్లనే వెతుక్కుంటూ పోతయి.

హక్కులు సాధించుకునేలోపు మళ్లీ వాన రావచ్చు. అందుకని అక్కలారా, తమ్ముళ్లారా, కొన్ని సంగతులు చెప్తా. ఇవి సంఘం మీటింగుల్లో చదివి వినిపించండి.

ముందు ప్రాణం. మెయిన్ ఆపకుండా నీళ్లలో కాలు పెట్టొద్దు. మీటర్లు నీళ్లకు అందుతున్నయంటే ఎవరు ఎంత అరిచినా దిగొద్దు. లైన్‌మెన్‌కు ఫోను చేసి కరెంటు తీయించండి. డీజిల్ మోటరు సెల్లారు లోపల పెట్టి నడపొద్దు. ఆ పొగ వాసన తెలిసేలోపే ప్రాణం తీస్తది. మోటరు బయట పెట్టి పైపు లోపలికి వెయ్యాలె. గ్యాసు సిలిండరు మునిగితే రెగ్యులేటరు, పైపు ఏజెన్సీ మనిషి చూసినంకనే ముట్టించండి. టీవీ, మిక్సీ, ఫ్రిజ్ ఆరినట్టు కనపడ్డా మెకానిక్కు చూడనిదే ప్లగ్గు పెట్టొద్దు.

వరద నీళ్లలో డ్రైనేజీ కలిసి ఉంటది. అందుకని తడిసిన బియ్యం, పప్పు, పిండి, మందు గోళీలు పారెయ్యాల్సిందే. నెలంతటి బియ్యం పారెయ్యమనడానికి నోరు రాదు, తెలుసు. కానీ ఆ బియ్యం ఎండబెట్టి వండితే ఆస్పత్రి ఖర్చు అంతకు పదింతలు. పారేసే ముందు ఫోటో తియ్యండి, అది నష్టానికి సాక్ష్యం. బట్టలు వేడినీళ్లలో సబ్బుతో ఉతికి ఎండలో వెయ్యండి. దూది పరుపులు దక్కవు, ఆశ పెట్టుకోవద్దు. ఒకటి రెండు రోజుల్లోనే బూజు పడతది కాబట్టి తలుపులు తెరిచి గాలి ఆడనివ్వండి.

కాగితాల సంగతి జాగ్రత్తగా వినండి. బురద అంటితే గుడ్డతో రుద్దొద్దు, అక్షరాలు పోతయి. మంచినీళ్లలో మెల్లగా కడిగి, పాత పేపర్ల మీద విడివిడిగా పరిచి, నీడలో ఆరబెట్టాలె. పేపర్లు తడిసినప్పుడల్లా మార్చాలె. మాడే ఎండ వద్దు, ఇస్త్రీపెట్టె అసలే వద్దు. ఒకదానికొకటి అంటుకున్న కాగితాలను గుంజొద్దు. ఫోటోలు అంటుకుంటే చల్లటి మంచినీళ్లలో కాసేపు నానబెట్టి మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టండి. ఒకేసారి అన్నీ ఆరబెట్టడం కాకపోతే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫ్రిజ్ మీది గడిలో, ఐసు గడ్డకట్టే చోట దాస్తే చెడకుండా ఆగుతయి. తర్వాత తీరికగా ఆరబెట్టుకోవచ్చు. మీకు ఫ్రిజ్ లేకపోతే పై ఫ్లాటులో అడగండి. వాళ్ల గిన్నెలు తోమే చేతులు వాళ్ల ఫ్రిజ్‌లో తన కూతురు మెమో రెండు రోజులు పెట్టుకోవచ్చో లేదో తేలిపోనివ్వండి. పెట్టనిస్తే ఆ ఇంటికి దండం. పెట్టనియ్యకపోతే ఆ సంగతి పదిమందికి చెప్పండి.

ఎండాకాలంలోనే చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి సర్టిఫికెట్టుకూ నంబరు కనపడేలా ఫోనులో ఫోటో తీసి ఊళ్లో ఉన్న చుట్టానికి కూడా పంపండి. డిజిలాకర్‌లో వచ్చేవి అందులో పెట్టించండి, అవి చెల్లుతయి. అసలు కాగితాలు మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూతిగట్టి, పెట్టెలో కాదు, గోడకు ఎత్తుగా మేకుకు తగిలించండి. రాత్రిపూట చేతికి అందేది అదే. చదువుకున్న పిల్లలు సెలవుల్లో ఈ పని సెల్లారు సెల్లారుకూ తిరిగి చేసి పెడితే అంతకన్నా ఉద్యమం ఏముంది?

నీళ్లు తీసినంక ఇంకో కథ. సెల్లారు బురద ఎవరు ఎత్తాలె? సంపు ఎవరు కడగాలె? నిండిపోయిన మురుగు గుంతలోకి ఎవరు దిగాలె? మళ్లీ మనోడే. 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని మురుగు కాల్వలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు అట్లా చచ్చిపోయిన మనిషి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఈ మాట ప్రతి అసోసియేషను గోడమీద రాయించాలె. అయిదొందలు చేతిలో పెట్టి ‘కొంచెం దిగు’ అనేవాడికి ఆ కొంచెం ఖరీదు తెలవాలె.

మనం అడగాల్సినవి నాలుగే. ఒకటి, వాచ్‌మెన్ కుటుంబానికి భూమి మీద గది కావాలె, సెల్లారులో కాదు. ఆ గది పేరు చెప్పి జీతం కొయ్యొద్దు. చట్టం అమలు పేరుతో కుటుంబాన్ని రోడ్డు మీద పడేస్తే ఊరుకునేది లేదు, ముందు పైన గది, తర్వాతనే కింద ఖాళీ. రెండు, వరద నష్టం రాసేటప్పుడు ఇంటి నంబరు కాదు, మనిషి రుజువు. అక్కడ పొయ్యి ఉందా, పిల్లల బడి ఎక్కడ, ఇరుగుపొరుగు ఏమంటున్నరు, అదే చాలు. పిల్లల హాజరు రిజిస్టరు కన్నా పెద్ద రుజువు ఏముంది? మూడు, మునిగిన చోట్లకు రెవెన్యూ, విద్యాశాఖ మనుషులే వచ్చి సర్టిఫికెట్ల నకళ్లు ఉచితంగా, అఫిడవిట్లు లేకుండా ఇచ్చిపోవాలె. వాళ్ల ఆఫీసు రికార్డు మునగలేదు కదా! నాలుగు, వాన రాత్రి వాచ్‌మెన్‌కు మొదటి అరగంట తన ఇంటిది. కార్ల తాళాలు ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలె.

ఈ నాలుగో మాట విని కొందరు నవ్వుతరు. నవ్వనివ్వండి. చుండూరులో, కారంచేడులో మనం ప్రాణం కోసం అడిగినం. ఇక్కడ అరగంట కోసం అడుగుతున్నం. రెండూ ఒక్కటే కాదు, నాకు తెలుసు. కానీ తన బిడ్డ పుస్తకాల సంచి ముందా, పరాయి కారు ముందా అని నిర్ణయించుకునే అధికారం లేని చోట ఆత్మగౌరవం అనే మాటకు అర్థమేముంది? వచ్చే వానాకాలం లోపు మీ మీ బస్తీల్లో వాచ్‌మెన్‌లను, పనిచేసే అక్కలను ఒక్కచోట కూసోబెట్టండి. సెల్లారు కాపురాల లిస్టు మనమే రాద్దాం, పేరు పేరునా, సంతకాలతో. తహసీల్దారు రాయకపోతే మనమే రాసి ఆయన బల్లమీద పెడదాం. లేనట్టుగా బతికింది చాలు.

జై భీమ్.